రెండు వేలిముద్రలు

ఆదివారం నాటికి జరిగి తీరవలసిన పనులు ఇవి. రైల్వేవాళ్ళ ఇళ్ళ వరసలు రెండింటిలో, తూర్పు లైనులో చిక్కుకున్న మూడు కుటుంబాలు పడమటి లైనుకీ, పడమటి లైనులో ఉన్న మూడు కుటుంబాలు తూర్పు లైనుకీ సామాన్లు మార్చుకోవాలి. కల్వర్టు దగ్గరి కుళాయి తెల్లవారుజాము నుంచి ఏడింటి దాకా తూర్పు వాళ్ళకి, ఏడు నుంచి తొమ్మిదింటి దాకా పడమటి వాళ్ళకి; సాయంత్రం దీనికి తిరగేసి. పాడె కట్టే వెదుళ్ళు ఒక్క జతే ఉన్నాయి గనక రెండో జత గోల్‌బజార్ దుకాణాల నుంచి తెప్పించాలి. పోలమ్మ పండక్కి రెండు ఘటాలు, ఎత్తడానికి ఇద్దరు మనుషులు. గుడి తలుపుకి రెండు తాళాలు, లైనుకొక తాళంచెవి. బడిపిల్లల్ని విడదీయకూడదు (దీని గురించి ఇంకా మాట్లాడాలి). ప్రతి ఇంటి పెద్దా రెండు రిజిస్టర్లలో ఏదో ఒకదాంట్లో పేరు రాయించి సంతకమో వేలిముద్రో వేయాలి. దాలమ్మ చేత కూడా వేయించాలి.

ఈ జాబితాని జగ్గారావు బుధవారం సాయంత్రం బడి అయిపోయాక, బల్ల మీద సుద్దపొడి తుడుచుకుని, రూళ్ళ కాగితం మీద రాశాడు. అతని దస్తూరీ గుండ్రంగా ముచ్చటగా ఉంటుంది. రెండు లైన్లలోనూ కలిపి బి.ఏ. పాసైన మొదటి మనిషి అతనే. రైల్వేలో ఉద్యోగం కాకుండా తెలుగు బడిలో పంతులు కావడం వల్ల మే నెల సమ్మెలో అతను ఏ వైపూ కాలేదు. రెండు వైపుల వాళ్ళూ అతని మాట వినడానికి అదే కారణం. అతను మాత్రం తన చదువును చూసి వింటున్నారనుకున్నాడు.

సమ్మె ముగిసి నెల తిరగలేదు. బయటే నిలబడి, కొందరు ఉద్యోగం కూడా పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు, పోలీసు కాపలాలో లోపలికి వెళ్ళి డ్యూటీ చేసినవాళ్ళు ఉన్నారు. మొదటివాళ్ళకి పెద్ద నూకయ్య, పడమటి లైను. రెండోవాళ్ళకి సుందర్ రాజు, తూర్పు లైను. కిందటి ఆదివారం ఒక పెళ్ళి బంతిలో సుందర్ రాజు ముందున్న విస్తరిని, అన్నం వడ్డించిన విస్తరిని, ఎవరో లాగి కాలవలో పారేశారు. మర్నాడు కుళాయి దగ్గర నూకయ్య భార్య బిందెను ఎవరో కాలితో తన్నారు. ఆమె కిందపడితే తలకి నాలుగు కుట్లు పడ్డాయి. ఆ కుట్లు వేయించడానికి రిక్షాలో పక్కన కూర్చుని వెళ్ళినవాడు జగ్గారావే. దారిపొడుగునా తువ్వాలు అదిమి పట్టుకుని ఉన్నాడు. ఆ తడి అతని అరచేతికి రెండు రోజులు తెలుస్తూనే ఉంది.

అప్పుడే అతనికి ఈ ఆలోచన వచ్చింది. బి.ఏ.లో చదివిన రాజనీతి పాఠాలు గుర్తొచ్చాయి. మనిషి నమ్మకాన్ని మార్చడం ఎవరివల్లా కాదు. పక్కపక్కన ఉంచితే కొట్టుకుంటారు. ఎవరి చోటు వాళ్ళకిచ్చి, ఎవరి కమిటీ వాళ్ళకిచ్చి, ఎవరి కట్టుబాట్లు వాళ్ళనే రాసుకోనిస్తే కొట్టుకోవడానికి కారణమే ఉండదు. రెండు లైన్ల మధ్యా కాలవ ఎలాగూ ఉంది. ఈ మాట నూకయ్య ఇంట్లో ఒకసారి, సుందర్ రాజు ఇంట్లో ఒకసారి చెప్పాడు. ఇద్దరూ ఒకే రకంగా తల ఊపారు. సుందర్ రాజు, "ఠీక్ హై పంతులూ, ఆడి మొకం సూడక్కర్నేకపోతే నాకేటి," అన్నాడు. నూకయ్య అన్నదీ అంతే, తేడా ఒక్క ముక్క: "ఆడి నీడ సూడక్కర్నేకపోతే."

గురువారం ఇళ్ళు మారారు. నులకమంచాలు కల్వర్టు మీదుగా అటూ ఇటూ వెళ్ళాయి. ఒక ఇంటి రోలు బరువుకి తోపుడుబండి చక్రం విరిగింది. అటునుంచి వస్తున్న కుటుంబం తన మంచం దించి, ఆ రోలుకి నాలుగు చేతులు వేసి గట్టు ఎక్కించి, మళ్ళీ తన మంచం తను ఎత్తుకుని వెళ్ళిపోయింది.  జగ్గారావు కాగితం పట్టుకుని కల్వర్టు మీద నిలబడి ఒక్కో ఇంటి దగ్గర గీత పెట్టుకున్నాడు. సాయంత్రానికి ఆరు గీతలూ పడ్డాయి. ఆ పూట కుళాయి దగ్గర కేకలు లేవు. ఏడు కొట్టగానే ఒక లైను ఆడవాళ్ళు వెళ్ళిపోయారు, ఇంకో లైను ఆడవాళ్ళు వచ్చారు. అంత నిశ్శబ్దంగా బిందెలో నీళ్ళు పడే చప్పుడు ఆ లైన్లలో ఎవరూ విని ఉండరు.

జగ్గారావు తండ్రి దేముడు రైల్వే వర్క్‌షాపు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని గడప మీద కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళుగా అతని పని రివెట్ల దగ్గర. ఒకడు రివెట్టును ఎర్రగా కాలుస్తాడు, ఒకడు పట్టకారుతో కన్నంలో పెడతాడు, ఒకడు వెనకనుంచి ఇనపదిమ్మెతో అదిమి పట్టుకుంటాడు, ఒకడు ముందునుంచి కొడతాడు. దేముడు అదిమి పట్టేవాడు. ఆ చప్పుడుకి చెవులు సగం పోయాయి. కొడుకు గట్టిగా, సంతోషంగా, జరిగిందంతా చెప్పాడు. దేముడు విని, చాలాసేపు కాళ్ళు తుడుచుకున్నాడు.

"లోపల మా నలుగుర్లో ఇద్దరు ఆ లైనోలు," అన్నాడు. "ఆడు కొడతాడు, నాను పడతాను. అక్కడ కాలవ నేదు గదా. మరి దానికేటి రాసినావు?"

అది కంపెనీ పని, ఇది మన బతుకు, రెండూ వేరు అని జగ్గారావు చెప్పాడు. దేముడికి వినపడిందో లేదో. లోపల్నుంచి తల్లి చిట్టెమ్మ మాత్రం, దాలమ్మ ఏ రిజిస్టరులో వేసింది అని అడిగింది. ఇంకా వేయలేదన్నాడు.

దాలమ్మ పాక కల్వర్టుకి ఆనుకుని ఉంది. దాని పక్కనే పోలమ్మ గుడి, మనిషి వంగి దూరేటంత. ఆ రెండూ తూర్పు లైనులోనూ లేవు, పడమటి లైనులోనూ లేవు. ఏటా వైశాఖంలో ఘటం ఎత్తేది దాలమ్మే. ఈసారి సమ్మె వల్ల పండగ జ్యేష్ఠానికి జరిగింది. ఘటం ఎత్తడమంటే కుండ నెత్తిన పెట్టుకు తిరగడం కాదు. ప్రతి గడప ముందూ నిలబడి ఆ ఇంట్లోవాళ్ళందరి పేర్లూ, పెద్దవాళ్ళ దగ్గర్నుంచి ఉయ్యాల్లో పిల్ల దాకా, చెప్పాలి. ఊళ్ళో లేనివాళ్ళ పేర్లు చెప్పాలి. ఆ ఇంట్లో పోయినవాళ్ళ పేరు చివర చెప్పాలి. అప్పుడు ఇంటి ఆడది ఆమె కాళ్ళ మీద పసుపునీళ్ళు పోస్తుంది. నలభై నాలుగు ఇళ్ళ పేర్లు దాలమ్మ నోట్లో ఉన్నాయి. ఆమెకి చదువు రాదు.

శుక్రవారం బడి విడిచాక జగ్గారావు రెండు రిజిస్టర్లూ, సిరా దిండూ పట్టుకుని పాకకి వెళ్ళాడు. ఆమె చింతపండు పెట్టి ఇత్తడి ఘటం తోముతోంది. ఒక చేత్తో తిప్పుతూ ఒక చేత్తో రుద్దుతూ పెదవులతో ఏదో అనుకుంటోంది. పేర్లు అనుకుంటోందని దగ్గరికి వెళ్ళాక అర్థమైంది. పాకలో అప్పటికే ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు, ఒకామె తూర్పు, ఒకామె పడమర. ఒకామె పసుపుకొమ్ములు తెచ్చింది, ఒకామె వేపమండలు. పంతుల్ని చూసి ఇద్దరూ లేచి చెరో వైపుకీ వెళ్ళిపోయారు.

"కూకో బాబూ," అంది దాలమ్మ. "అందులో ఏటి రాసినావో ఓపాలి సదువు."

అతను చదివాడు. ఆమె తోమడం ఆపలేదు. నూకయ్య ఇల్లు వచ్చినప్పుడు మాత్రం చెయ్యి ఆగింది.

"ఆ ఇంట్లో పెద్దగుంటడి పేరు ఒగ్గీసినావు."

ఆ పిల్లవాడు రెండేళ్ళ కిందట మశూచితో పోయాడు. పోయినవాళ్ళ పేర్లు రిజిస్టరులో ఉండవని, ఇది ఇంటి పెద్దల జాబితా మాత్రమేనని జగ్గారావు చెప్పాడు. ఆమె తల ఊపింది. ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు.

తరవాత అతను అసలు సంగతి చెప్పాడు. ఏదో ఒక లైనులో చేరాలి. చేరితే ఆ లైను ఘటం ఆమే ఎత్తుతుంది. కుళాయి దగ్గర ఆమె వంతు ఆమెకి ఉంటుంది. రేపు ఏదైనా అయితే ఆ లైను వెదుళ్ళు ఉంటాయి. ఈ చివరి మాట అనేటప్పుడు కాస్త నీళ్ళు నమిలాడు. ఏ లైనులోనూ లేనివాళ్ళ బాధ్యత ఏ కమిటీకీ ఉండదని కూడా కాగితంలో ఉంది. అది అతను రాసిన వాక్యమే. రాసినప్పుడు దాలమ్మ గుర్తుకు రాలేదు. నియమం అన్నాక అన్నీ స్పష్టంగా ఉండాలని రాశాడు.

దాలమ్మ చేతులు కడుక్కుంది. పైటకొంగుతో తుడుచుకుని రెండు బొటనవేళ్ళూ చాపింది.

"ఈ యేలు ఆ పుస్తకంలో ఎయ్యి. ఈ యేలు ఈ పుస్తకంలో ఎయ్యి. రెండున్నాయి గదా నాకు."

జగ్గారావు నవ్వాడు. ఆమె నవ్వలేదు. వేళ్ళు చాపే ఉంచింది. రెండు చోట్ల వేస్తే చెల్లదని అతను చెప్పాడు. పిల్లలకి కూడిక తప్పు ఎందుకు తప్పో చెప్పినట్టు, ఓపిగ్గా, ఒక్కరికి రెండు చోట్ల ఒప్పుకుంటే అందరూ అడుగుతారనీ, అప్పుడు రెండు లైన్లు చేసిన ప్రయోజనమే ఉండదనీ చెప్పాడు.

"అందరూ అడుగుతారేటి?" అంది దాలమ్మ. "అడిగితే మంచిదే గదా బాబూ."

 ఆ మాట అతనికి చిరాకు కలిగించింది. ఆలోచించుకోమని చెప్పి, రిజిస్టర్లు మూసి, లేచాడు. ఆమె వేళ్ళు ఇంకా కాసేపు అలాగే ఉన్నాయి. తరవాత ఘటం దగ్గరికి తీసుకుంది.

ఆ వేళ్ళ మీద అతను అప్పుడే సిరా పూసి ఉంటే చెప్పడానికి ఈ కథ ఉండేది కాదు. ఎవరూ అతని చెయ్యి పట్టుకుని ఆపలేదు. చెల్లదు అన్నది అతనే.

శనివారం ఒంటిపూట బడి. పిల్లలు వెళ్ళిపోయాక జగ్గారావు కిటికీలు మూస్తుంటే సుందర్ రాజు గుమ్మంలోకి వచ్చాడు. అతను ఇంకా లోపల అడుగు పెట్టలేదు, వెనక నూకయ్య కనిపించాడు.  ఇక్కడ తన్నుకుంటారనుకున్నాడు జగ్గారావు. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా లోపలికి వచ్చి, పిల్లల బెంచీ మీద, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా, ఒకే బెంచీ మీద కూర్చున్నారు. ఇద్దరూ జగ్గారావుతోనే మాట్లాడారు.

సంగతి దాలమ్మ గురించి. కుళాయి వేళలు వేరు చేసినా, ఇళ్ళు మార్చినా, ఆడవాళ్ళు పాకలో కలుస్తున్నారు. నిన్న రాత్రి కమిటీలో తామనుకున్నది పొద్దుటికి అవతలి లైనులో తెలిసిపోయిందని సుందర్ రాజు అన్నాడు. తమ కమిటీ మాటా అంతేనని నూకయ్య అన్నాడు. ఇత్తడి ఘటం ఒక్కటే ఉంది, అది అవతలివాళ్ళకి పోవడానికి వీల్లేదని ఒకరు, ఇవతలివాళ్ళకి ఉండడానికి వీల్లేదని ఇంకొకరు. ఆ పాక ఉన్నంతకాలం లైన్లు రెండు కావు. ఆమె ఎక్కడా వేలిముద్ర వేయలేదు గనక ఆమె ఎవరి మనిషీ కాదు. కాగితంలో అలాగే ఉంది కదా.

"నువ్వే గదా రాసినావు," అన్నాడు నూకయ్య.

"నోటీసు కూడా నువ్వే రాయాల," అన్నాడు సుందర్ రాజు. "మాకైతే అంత బాగా రాదు."

అప్పుడు నూకయ్య జేబులోంచి బీడీకట్ట తీశాడు. తనొకటి వెలిగించుకుని, అగ్గిపెట్టెని బెంచీ మీద పక్కకి జరిపాడు. సుందర్ రాజు దాన్ని తీసుకున్నాడు. అదంతా ఇద్దరూ గోడమీది గుణింతాల పటం చూస్తూనే చేశారు. సమ్మె తరవాత ఆ రెండు చేతుల మధ్య ఒక వస్తువు మారడం జగ్గారావు చూడటం అదే మొదలు. తను నెలరోజులుగా కోరుకున్నది ఇదే. వాళ్ళని ఒక బెంచీ మీద కూర్చోబెట్టింది ఏమిటో కూడా అతనికి ఆ క్షణంలోనే తెలిసింది. తెలిసినా, రూళ్ళ కాగితం తీశాడు.

ఎందుకు రాశాడు అంటే, వాళ్ళు అడిగారు గనక. వచ్చిన శాంతి చెడుతుందని భయం గనక. ఇంకొకటి కూడా ఉంది, అతను అప్పుడు ఒప్పుకోలేదు గాని: ఆదివారం పండగలో రెండు లైన్లూ గొడవ లేకుండా నడిస్తే, అది తన పని అని పేరొస్తుంది. వాళ్ళు చెప్పిన మోటు మాటల్ని సాపు చేశాడు. 'వెళ్ళిపో' అన్నదాన్ని 'ఖాళీ చేయవలసిందిగా కోరడమైనది' అన్నాడు. 'ఇది తమ మీద కోపంతో కాక, ఉభయుల శాంతి కోసం చేయడమైనది' అనే వాక్యం తనంతట తను చేర్చాడు. ఇద్దరూ సంతకాలు చేశారు, ఒకరి పేరు కింద ఒకరు.

పొద్దు వాలకముందే పాకకి వెళ్ళాడు. దాలమ్మ గుడి ముందు ముగ్గు వేస్తోంది. నోటీసు ఉందన్నాడు. ఆమెకి చదువు రాదు గనక అతనే చదవాలి. చదివాడు. గొంతు బడిలో చదివే గొంతులాగే వచ్చింది, కాస్త పెద్దగా.

"ఇంకోపాలి సదువు," అంది.

మళ్ళీ చదివాడు. ఈసారి తను చేర్చిన వాక్యాన్ని గబగబా చదివేశాడు. ఆమె కాగితం చేతిలోకి తీసుకుని అక్షరాల మీద ముగ్గుపిండి అంటిన వేలు పెట్టి చూసింది.

"నీ రాతేనేటి?"

నాదే అన్నాడు.

"ముచ్చటగుంది. మీ అయ్య నిన్ను సదివించినందుకు అక్కరకొచ్చినావు."

ఆ మాటలో వెటకారం ఉందా అని అతను ఆమె మొహంలో వెతికాడు. లేదు. ఉండి ఉంటే బాగుండేదని తరవాత చాలాసార్లు అనుకున్నాడు.

నోటీసు అందినట్టు వేలిముద్ర కావాలి. అది లేకపోతే చెల్లదని ఇద్దరు పెద్దలూ చెప్పారు. జగ్గారావు సిరా దిండు తీశాడు. దాలమ్మ పిండి చేతులు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది. మళ్ళీ రెండు బొటనవేళ్ళూ చాపింది.

"దీనికైతే రెండూ సెల్లుతాయా బాబూ?"

అతను దిండు మూత తెరిచి ఆమె ముందు పెట్టాడు. 

"చెల్లుతాయి," అన్నాడు.

ఆమె ఒకటి తరవాత ఒకటి, రెండూ, నూకయ్య పేరు పక్కన ఒకటి, సుందర్ రాజు పేరు పక్కన ఒకటి, అదిమి వేసింది. ఎవరి పేరు ఎక్కడుందో ఆమెకి తెలియదు. అలా పడ్డాయి అంతే.

చెల్లెలి కూతురు పలాసలో ఉందని, తెల్లారి పాసింజరుకి వెళ్తానని చెప్పింది. ఘటాన్ని తోమి గుడిలో బోర్లించి పెట్టింది. పాకలో ఉన్నది ఒక ట్రంకుపెట్టె, ఒక చాప. పెట్టె తను మోస్తానని జగ్గారావు అన్నాడు. అక్కర్లేదంది. మర్నాడు అతను లేచి వెళ్ళేసరికే పాక ఖాళీగా ఉంది. గుమ్మం ముందు కళ్ళాపి ఇంకా తడిగా ఉంది. వెళ్ళే ముందు చల్లిపోయింది.

ఆదివారం రెండు మట్టిఘటాలు బయల్దేరాయి. డప్పులు రెండు. తూర్పు లైనులో ఒక కొత్త కోడలు, పడమటి లైనులో ఒక వయసుపిల్ల ఎత్తారు. గొడవ జరగలేదు. ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనలేదు. కాని మొదటి గడప ముందు ఆగగానే తూర్పు లైను కోడలికి ఆ ఇంట్లోవాళ్ళ పేర్లు రాలేదు. నెత్తిన ఘటంతో బిక్కమొహం వేసి నిలబడింది. ఇంటామె పసుపునీళ్ళ చెంబు పట్టుకుని కాసేపు చూసి, తన ఇంటివాళ్ళ పేర్లు తనే చెప్పుకుని నీళ్ళు పోసింది. ప్రతి గడపలోనూ అలాగే జరిగింది. అవతలి లైనులోనూ అంతే.

నూకయ్య గడప దగ్గర వయసుపిల్ల రిజిస్టరులో ఉన్న ఒక్క పేరూ చెప్పి, ఇంకెవరైనా ఉన్నారా అన్నట్టు చూసింది. నూకయ్య భార్య, తలకి ఇంకా గుడ్డకట్టుతో, చెంబు పట్టుకుని ఎదురుచూసింది. పోయిన పిల్లవాడి పేరు ఎవరో చెప్పాలి. తల్లి తన నోటితో చెప్పకూడదు, అది ఆచారం.  డప్పు ఆగింది. నూకయ్య తల దించుకుని గుమ్మం పక్కన గోడ గీకుతున్నాడు. అప్పుడు కాలవ అవతలి గట్టు మీంచి, తూర్పు లైనులోంచి, సుందర్ రాజు తల్లి కేక వేసి ఆ పేరు చెప్పింది. "ఈరన్న," అంది. ఒక్కసారే. నూకయ్య భార్య నీళ్ళు వంచింది. ఎవరూ అటు చూడలేదు.

రెండు ఘటాలూ కల్వర్టు చేరాయి. గుడి తలుపుకి రెండు తాళాలు వేసి ఉన్నాయి. సుందర్ రాజు తన తాళంచెవి నూకయ్య ముందు తియ్యడు, నూకయ్య తన తాళంచెవి సుందర్ రాజు ముందు తియ్యడు. కాసేపు నిలబడి, రెండు ఘటాల్నీ తలుపు బయటే చెరో పక్కన దించి వెళ్ళిపోయారు. ఇద్దరూ జగ్గారావు భుజం తట్టారు, వేరువేరుగా. పండగ ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ జరగలేదన్నారు.

అందరూ వెళ్ళాక దేముడు వచ్చాడు. చేతిలో పసుపునీళ్ళ చెంబు ఉంది. ఇంటి గడప ముందు ఘటం వచ్చినప్పుడు చిట్టెమ్మ ఆ నీళ్ళు పోయలేదన్న సంగతి జగ్గారావుకి అప్పుడు తెలిసింది. దేముడు ఖాళీ పాక దాకా నడిచి, మెల్లిగా వంగి, దాలమ్మ నిలబడే చోట మట్టి మీద ఆ నీళ్ళు పోశాడు. రివెట్టును అదిమి పట్టినంతసేపు అలాగే వంగి ఉన్నాడు.  

నిజం చెప్పాలి. ఆ తరవాత ఆ లైన్లలో తలలు పగల్లేదు. విస్తళ్ళు ఎవరూ లాగలేదు. జగ్గారావు రాసిన కాగితం పనిచేసింది. పక్క పేట నిమ్‌పురాలో ఇంకో రెండు లైన్ల వాళ్ళు వచ్చి నకలు కూడా అడిగారు. దస్తూరీ బాగుందని మెచ్చుకున్నారు. అతను రాసి ఇవ్వలేదు. చెయ్యి నొప్పి అన్నాడు. రెండు వేలిముద్రల కాగితం మాత్రం ఎవరికీ ఇవ్వకుండా తన పెట్టెలో ఉంచుకున్నాడు. దాని మీద సిరా కింద కాస్త ముగ్గుపిండి ఇంకా ఉంది.

పలాస నుంచి కబురు రాలేదు. కబురు రాయించడానికి ఆమెకి ఎవరున్నారో తెలియదు. ఎప్పుడో ఒకప్పుడు ఆమె పోయే ఉంటుంది. ఏ వెదుళ్ళు దొరికాయో తెలియదు. నలభై నాలుగు ఇళ్ళ పేర్లు చెప్పిన మనిషి పేరు చెప్పడానికి ఆమెకంటూ ఒక గడప లేదు. అందుకని, ఇది చదివినవారిని అడిగేది ఒక్కటే. మీ ఇంటి ముందుకి ఎప్పుడైనా ఘటం వస్తే, మీవాళ్ళ పేర్లన్నీ అయ్యాక, నీళ్ళు పోసే ముందు, చివర్న ఇంకొక్క పేరు కలపండి. దాలమ్మ.